అమ్మాయి డ్రమ్ము కొనమంది

వాన జాడ లేని ఒక ఉదయం. వీధి గదిలో గొంతు తీసేసిన టీవీ, దాని అడుగున పరుగెత్తే షేర్ల అంకెలు. కుర్చీలో భర్త. వంటింటి గుమ్మానికి ఆనుకుని భార్య. పొద్దుటినుంచీ ఆమె తన ఫోనును కొంగుచాటునుంచి బయటికి తియ్యడం లేదు.

"మళ్ళీ కొనెయ్యండి."

"ఏమిటి కొనేది?"

"అవే, ఆ విత్తనాల కంపెనీవి. మీరు అమ్మిన షేర్లన్నీ మళ్ళీ కొనెయ్యండి. అమ్మనట్టే అయిపోతుంది కదా."

"నీ తలకాయ. అదేమన్నా చీరా, నచ్చలేదని కొట్లో వెనక్కిచ్చి రావడానికి?"

"చీరైతే నేనే వెళ్ళేదాన్ని. షేర్లు కాబట్టి మిమ్మల్ని బతిమాలుతున్నాను."

"అమ్మింది అమ్మినట్టు రాసుంటుందే. ఏ రోజు, ఏ గంట, అన్నీ. ఇప్పుడు కొంటే అదీ రాసుకుంటారు. భయపడి కొన్నాడంటారు."

"భయపడే కదా ఉన్నాం."

"ఆ సంగతి వాళ్ళకి తెలియాలా?"

"పేపర్లో ముక్క ఇంకోసారి చదవనా?"

"వద్దు."

"'వానల అంచనా ముందే బయటికి పొక్కిన వ్యవహారంలో, వాతావరణ కేంద్రం అధికారిణిని విచారణ ముగిసేవరకు సెలవుపై...'"

"వద్దన్నానా!"

"పేరు వెయ్యలేదండీ. పేరు వెయ్యలేదంటే మనమ్మాయి కాకపోవచ్చుగా?"

"ఆ అంచనా తెలిసినవాళ్ళు నలుగురు. అందులో ఆడమనిషి మనమ్మాయి ఒక్కర్తే. ఇంక పేరెందుకు?"

"సెలవంటే ఉద్యోగం తీసేసినట్టా?"

"ఇంకా కాదు."

"ఇంకా కాదంటే?"

"ఇవాళ షేర్ల బోర్డునుంచి ఒకావిడ వస్తుంది. మనల్ని ఏవో అడుగుతుంది. మనం చెప్పింది రాసుకుపోయి వాళ్ళకిస్తుంది. మనమ్మాయే ముందుగా చెప్పిందని తేలితే తీసేస్తారు. ఇంకెక్కడా తీసుకోరు."

"దానికి ఆ ఉద్యోగం తప్ప ఇంకోటి చేతకాదండీ. చిన్నప్పుడు మేడమీద పడుకోబెడితే నిద్రపోకుండా మబ్బులకి పేర్లు పెట్టేది. మీసాల మబ్బు, మూతి ముడుచుకున్న మబ్బు. అన్నం తినదు, చదువు చదవదు, ఎప్పుడూ తల పైకే."

"నాకు తెలీదా? మెడ పట్టేస్తే తైలం రాసింది నేనే."

"మీరెవరికి చెప్పారు?"

"ఏమిటి?"

"డ్రమ్ము సంగతి."

"ఎవరికీ చెప్పలేదు."

"ఎవరికీ?"

"బ్రోకరు ఆఫీసులో ఊరికే... మాటల్లో."

"మాటల్లో ఎవరికి?"

"మందులకొట్టాయనకి."

"ఆయనొక్కడికేనా?"

"పక్క కుర్చీలో పాత హెడ్మాస్టరు ఉన్నాడు."

"ఆయనకి చెవుడు కదా?"

"అందుకే కొంచెం గట్టిగా చెప్పాల్సొచ్చింది."

"అయ్యో, అయ్యో."

"నువ్వు ఆ రోజు అక్కడ లేవు. ఉంటే తెలిసేది. ముందురోజు ఓట్ల సభలో మంత్రి, 'గెలిపిస్తే రైతులకి విత్తనాలు మేమే కొనిస్తాం' అన్నాడు. తెల్లారేసరికి తెరమీద ఆ కంపెనీ అంకె కోతిలా ఎగురుతోంది. కుర్చీలన్నీ కొంటున్నాయి. మందులకొట్టాయనైతే కొట్టు మూసుకుని వచ్చి మరీ కొంటున్నాడు. నేనొక్కణ్ణే అమ్ముతానన్నాను. పిచ్చాడన్నారు."

"అననివ్వాల్సింది."

"అననిచ్చాను. కాసేపు అననిచ్చాను. 'వానల అంచనా ఓట్లయ్యేదాకా చెప్పొద్దని పైవాళ్ళు ఆపారు, పేపరు చూళ్ళేదా?' అన్నాను. 'ఆపితే మనకేం, విత్తనాలు మంత్రిగారు కొనిస్తారు' అన్నారు. 'వాన లేకపోతే విత్తనాలు మంత్రిగారి గడ్డంలో చల్లుతారా?' అన్నాను. అప్పటికీ నవ్వుతూనే ఉన్నారు."

"అప్పుడు అనేశారు."

"అప్పుడు... మా అమ్మాయి డ్రమ్ము కొనమంది అన్నాను. అంతే. ఇంకో ముక్క అన్లేదు, ఒట్టు."

"అది చాలదూ? అది ఎక్కడ పనిచేస్తుందో ఆ కుర్చీలన్నిటికీ తెలుసు. మీరే చెప్పుకున్నారు."

"కన్న కూతురి గురించి చెప్పుకోకూడదా? అయినా నన్నంటావేం? నువ్వేగా వచ్చి చెప్పావు, అమ్మాయి ఫోన్లో పెద్ద నీళ్ళ డ్రమ్ము కొనుక్కోమందని?"

"చెప్పాను."

"రెండేళ్ళుగా నువ్వు అడుగుతుంటే కొన్నానా? అది కొనమందనగానే సాయంత్రానికల్లా రిక్షాలో వేయించి తెచ్చాను."

"అవును. సాయంత్రానికల్లా తెచ్చారు."

"వానల లెక్క కట్టే మనిషి నీళ్ళు పట్టి ఉంచుకోమందంటే అర్థమేమిటి? చంటిపిల్లాడికైనా తెలుస్తుంది."

"నేను డ్రమ్మంటే డ్రమ్మే అనుకున్నానండీ."

"నీకు తెలీకపోవడం వేరు. అది ఎంత తెలివిగా చెప్పిందో చూడు. ఒక్క రహస్యం బయటపెట్టలేదు. డ్రమ్మంది. తల్లిదండ్రులు నీళ్ళకి ఇబ్బంది పడకూడదని. బంగారుతల్లి."

"ఏమండీ, ఒక మాట చెప్తాను. కోప్పడకూడదు."

"ఇప్పుడొక సిగరెట్టుంటే ఎంత బాగుండును."

"మానేశారు కదా?"

"మానేశానులే. చెయ్యి గుర్తుచేసుకుంది, అంతే. అమ్మాయికి మాటిచ్చాక ఒక్కటి ముట్టించలేదు. ఆ పొగమంచు గొడవనుంచీ నాతో మాట్లాడకపోయినా, నీచేత కబురు పెట్టింది చూడు. 'నాన్న దగ్గుతుంటే ఇక్కడికి వినిపిస్తోందమ్మా, మానెయ్యమను' అని. ఏడ్చిందన్నావు కదా?"

"ఊఁ."

"కోపం నామీద పైపైనే. లోపల లేదు. ఏదో చెప్తానన్నావు, ఏమిటి?"

"ఏం లేదు. కాఫీ పెట్టనా?"

"వద్దు."

"ఆ పొగమంచు గొడవే రాకపోతే బాగుండేదండీ."

"అందులో నా తప్పేముంది? వారంపాటు మంచు విడవదని నీతో అంది. మంచు విడవకపోతే విమానాలు ఎగరవు. విమానాల కంపెనీవి అమ్మేశాను. దొంగతనం చేశానా?"

"నేను అడిగింది ఉన్ని బట్టలు ఎండలో వేసుకోవచ్చా అని."

"నువ్వు బట్టలకి వాడుకున్నావు, నేను షేర్లకి వాడుకున్నాను. మాట ఒకటే."

"మీరు తలుపు పక్కన నిలబడి విన్నారు."

"నా ఇల్లు, నా తలుపు."

"పోనీ విన్నవాళ్ళు ఊరుకున్నారా? అది సెలవుకొస్తే భోజనాల దగ్గర దానికే చెప్పారు, గొప్పగా. 'నువ్వు మంచన్నావు, నేను అమ్మాను' అని. దాని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది."

"పొంగిపోతుందనుకున్నాను."

"మర్నాడే వెళ్ళిపోయింది. బస్సు కదిలేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను. కిటికీలోంచి ఒక్కసారైనా చూస్తుందని. అద్దం జరిపేసుకుంది. మంచు కదా, అద్దం తెల్లగా ఉంది, లోపల అది ఇటు తిరిగిందో లేదో కూడా కనబడలేదు. తిరిగే ఉంటుందని అనుకుంటూ ఉంటాను."

"ఇప్పుడవన్నీ ఎందుకు? నీకు రోజూ చేస్తూనే ఉంది కదా. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి టంచనుగా. నాకదే చాలు. టీవీ గొంతు తగ్గించి ఇక్కడ కూర్చుంటానా, నీ నవ్వు వినిపిస్తుంది. ఇంట్లో మనిషి తిరుగుతున్నట్టుంటుంది. అన్నట్టు ఆ ఫోను ఇలా తే."

"ఎందుకు?"

"డ్రమ్ములో పడేస్తాను."

"ఫోనునా?"

"ఆవిడ వస్తే ముందు అదే అడుగుతుంది. అందులో అన్నీ ఉంటాయే. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎంతసేపు మాట్లాడారు. రోజూ దాని పేరే ఉంటుంది. చూస్తే ఇంకేముంది, దొరికిపోతుంది పిల్ల."

"ఎప్పుడు చేసిందీ కనబడుతుందా?"

"కనబడుతుంది."

"చెయ్యకపోతే? చెయ్యలేదనీ కనబడుతుందా?"

"చెయ్యకపోతే ఏం కనబడుతుంది, పిచ్చిదానా? ఇటివ్వు."

"ఇవ్వను."

"దాని ఉద్యోగం కంటే నీకు ఫోనెక్కువా? కొత్తది కొనిస్తాను."

"ఇవ్వనంటున్నానా! చెయ్యి వదలండి. గాజు పగులుతుంది."

"సరే, సరే. అరవకు. పక్కవాటా ఆవిడకి గోడంతా చెవులే. దాచెయ్యి. బియ్యం డబ్బాలో పెట్టు. అడిగితే పోయిందందాం. నేను చెప్తాను, నువ్వు మాత్రం వంటింట్లోంచి ఇవతలికి రాకు."

"ఏమని చెప్తారు?"

"బడాయి కొట్టానంటాను. అమ్మాయి ఏమీ అన్లేదు, కుర్చీలవాళ్ళు నవ్వుతున్నారని నేనే అల్లానంటాను."

"మరి మళ్ళీ వాళ్ళ మధ్య కూర్చోగలరా?"

"కూర్చోను. ఆ గడప తొక్కను. తెల్లారి లేచి పేపర్లో వానెక్కడ, మంత్రి ఎక్కడ అని చూడను. ఇంకేం కావాలి? తండ్రి అబద్ధాలకోరని తేలితే పిల్ల బయటపడుతుందంటే, తేలనీ."

"ఏమండీ..."

"అదిగో, తలుపు."

వచ్చినామెకి వాళ్ళమ్మాయి ఈడే ఉంటుంది. భుజాన సంచి, మెడమీద చెమట.

"నమస్తే సార్. షేర్ల బోర్డునుంచి వచ్చాను. కూర్చోవచ్చా?"

"కూర్చోండి మేడమ్, కూర్చోండి. ఫ్యాను కింద కూర్చోండి."

"ఎండన పడి వచ్చావు. మంచినీళ్ళు తాగు తల్లీ."

"ఇవ్వండమ్మా. అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయి."

"నీడన ఉంటుంది కదా, డ్రమ్ము."

"నువ్వు లోపలికెళ్ళు."

"ఆ నీలంరంగుదేనా అమ్మా, డ్రమ్ము?"

"ఏ డ్రమ్ము మేడమ్?"

"మీ అమ్మాయి కొనమన్నది, సార్."

"మా అమ్మాయి ఏమీ అన్లేదు."

"'మా అమ్మాయి డ్రమ్ము కొనమంది' అని మీరన్నట్టు బ్రోకరు ఆఫీసులో అందరూ చెప్పారు. ఒకాయనకి సరిగ్గా వినబడదట. ఆయన కూడా విన్నానన్నారు."

"బడాయి మేడమ్. వట్టి బడాయి. ముసలాణ్ణి, నలుగురి ముందు గొప్పకోసం కోతలు కోశాను."

"మరి డ్రమ్ము నిజంగానే కొన్నారు కదా?"

"మా ఆవిడ రెండేళ్ళుగా పోరు పెడుతోంది."

"రెండేళ్ళు కొననిది ఆ రోజే ఎందుకు కొన్నారు?"

"చవగ్గా వచ్చింది."

"డ్రమ్ము కొన్న మర్నాడు విత్తనాల షేర్లన్నీ అమ్మేశారు. మీ మాట విని పక్కవాళ్ళు అమ్మారు, వాళ్ళని చూసి ఇంకొకరు. అంచనా బయటికి రాకముందే వీధిలో అందరూ అమ్మేశారు. తీరా వస్తే, మీరన్నట్టే వానలు తక్కువ."

"పేపరు చూసి అమ్మాను. ఓట్లయ్యేదాకా ఆపారంటేనే మంచి కబురు కాదని."

"పేపరు అందరూ చూశారు సార్. అందరూ కొన్నారు. మీరొక్కరే అమ్మారు."

"తెలివి నాకొక్కడికే ఉండకూడదా?"

"ఉండొచ్చు. నేను కాదనను. పక్కవాటా ఆవిడ మాత్రం ఒక మాట చెప్పారు. రోజూ సాయంత్రం అమ్మగారు కూతురితో ఫోన్లో మాట్లాడతారనీ, గోడలోంచి వినిపిస్తుందనీ."

"తల్లీ కూతుళ్ళు మాట్లాడుకుంటే తప్పా మేడమ్?"

"కాదు. మాట్లాడుతుందా మరి, రోజూ?"

"మాట్లాడుతుంది. ఎందుకు మాట్లాడదు? కానీ వానల సంగతి ఎత్తదు. ఒక్కనాడు ఎత్తదు. అమ్మ కళ్ళజోడు మార్పించారా, నాన్న దగ్గు తగ్గిందా, ఇవే. సిగరెట్లు మానమని నన్ను మానిపించింది. అంత మంచి పిల్ల. ఆఫీసు రహస్యాలు చెప్పే మనిషి కాదు."

"ఏమండీ, ఆగండి..."

"నువ్వుండు. రాసుకోండి మేడమ్. రోజూ చేస్తుంది, ఉత్త క్షేమసమాచారాలు మాట్లాడుతుంది, అంతే."

"రోజూ చేస్తుంది. రాసుకోమంటారా సార్?"

"రాసుకోండి. సంతకం కూడా పెడతాను."

"మీ అమ్మాయి రాసిచ్చింది ఇంకోలా ఉంది సార్. చలికాలంలో వచ్చి వెళ్ళాక ఈ ఇంటికి ఒక్కసారి కూడా ఫోను చెయ్యలేదని రాసిచ్చారు. ఇందాకటివరకు ఆవిడ చెప్పింది నిజమేమో అనుకున్నాను. ఇప్పుడు మీరే రోజూ అంటున్నారు. ఈ ఒక్కటి అబద్ధమైతే, మిగతావి నమ్మమని ఆవిడ ఎవరినీ అడగలేరు."

"భయపడి అనుంటుంది మేడమ్. చిన్నపిల్ల. రోజూ కాదు, నేనే... అప్పుడప్పుడు... నేను ముందన్నది కొట్టెయ్యండి. కొట్టెయ్యండి మేడమ్, మీకు దణ్ణం పెడతాను."

"అది అబద్ధం చెప్పదు తల్లీ."

"నిన్ను లోపల ఉండమన్నానా!"

"ఇదిగో ఫోను. చూసుకో."

"ఒసే, నీకేమన్నా పిచ్చెక్కిందా? దాని గొంతు నువ్వే కోస్తావా?"

"కిందికి జరుపు తల్లీ. ఇంకా కిందికి. ఏముంది?"

"గ్యాసు... మందులకొట్టు... బ్రోకరు ఆఫీసు... మళ్ళీ గ్యాసు..."

"ఇంకా కిందికి."

"'అమ్మాయి' అని వరసగా ఉన్నాయి. కానీ ఇవన్నీ మీరు చేసినవి. అవతల ఎత్తలేదు."

"ఎత్తలేదు. కొన్నాళ్ళు చేసి మానేశాను. ఇంకా కిందికి జరుపు."

"ఒకటుంది. అటునుంచి వచ్చింది. చలికాలంలో."

"అదే. వెళ్ళిన రోజున చేరానని చెప్పడానికి చేసింది. 'నేను నోరు విప్పితే నాన్నకి షేరవుతోందమ్మా, ఇంక చెయ్యను' అని పెట్టేసింది. అదే ఆఖరు."

"అమ్మా, మరి రోజూ సాయంత్రం..."

"సాయంత్రమయ్యేసరికి ఈయన టీవీ గొంతు తగ్గించి ఈ కుర్చీలో కూర్చుంటారు. ఏమీ అడగరు. ఊరికే అటే చూస్తారు. తనవల్లే మానేసిందని తెలిస్తే ఏమైపోతారో అని నాకు భయం. తలనొప్పి, ఫోను గంట తీసేశానన్నాను. చెవి దగ్గర పెట్టుకుని వంటింట్లో ఒక్కదాన్నే మాట్లాడేదాన్ని. మొదట్లో సిగ్గేసేది. తర్వాత అలవాటైపోయింది. ఒక్కోసారి అది నిజంగానే ఏదో అన్నట్టుండేది, నవ్వొచ్చేది."

"డ్రమ్ము కొనమన్నది?"

"నేనే. నాకు కావాలి, తెల్లవారకుండా లేచి బిందెలు పట్టుకోలేక. నేనడిగితే కొనరు. అమ్మాయి కొనమందంటే కొంటారు. కళ్ళజోడూ అలాగే మార్పించాను. డ్రమ్ములోంచి వానలు తీస్తారని నాకేం తెలుసు?"

"అంటే వానలు రావని మీకెవరూ..."

"ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళెవరున్నారు?"

"ఇదంతా రాసి సంతకం పెడతారా అమ్మా?"

"రాస్తాను. బళ్ళో నేర్చింది కాదు, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకో. దాని ఉద్యోగం ఉంటుందా?"

"ఫోను చెయ్యలేదన్నది నిజమని తేలుతుంది. మిగతాది పైవాళ్ళ చేతిలో ఉందమ్మా. నేను రాసివ్వడమే."

"పోనీ ఇదంతా దానికి తెలుస్తుందా? తెలిస్తే చేస్తుందా?"

"అది నేనెలా చెప్పగలను?"

"అవునులే. నువ్వెలా చెప్తావు."

"సార్, మీరేమన్నా చెప్తారా? సార్?"

"ఏమండీ. ఇటు చూడండి. తిట్టండి, పోనీ."

"సిగరెట్లు మానెయ్యమని ఏడ్చిందన్నావే. ఆ సాయంత్రం... ఏడుపు నేను కూడా విన్నాను కదే."